ఫండు మార్చడమంటే అమ్మి కొనడమే

ప్రశ్న: నేను తెనాలి దగ్గర ఒక ప్రభుత్వ పాఠశాలలో టీచర్ని. వయసు 47. మా బ్యాంకులో పనిచేసే ఒక అబ్బాయి చెప్తే 2021 జనవరి నుంచి నెలకు 10,000 చొప్పున ఒక ఈక్విటీ మ్యూచువల్ ఫండులో సిప్ కడుతున్నాను. మొన్న డిసెంబరుతో 60 వాయిదాలు పూర్తయ్యాయి. కట్టింది 6 లక్షలు. ఇప్పుడు విలువ 8 లక్షల 25 వేలు. యాప్‌లో ఒకచోట 37.5 శాతం లాభం అని, ఇంకోచోట 12.7 శాతం అని చూపిస్తోంది. మా బావగారు 37.5ని ఐదుతో భాగించి, "ఏడాదికి ఏడున్నరే కదమ్మా, ఆర్డీలో వేసుకున్నా ఇంతే వచ్చేది, ఈ టెన్షన్ ఎందుకు నీకు" అంటున్నారు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న మా అన్నయ్య కొడుకేమో, "అత్తా, నీది రెగ్యులర్ ప్లాన్, ఖర్చు 1.8 శాతం. అదే ఫండు డైరెక్ట్ ప్లాన్‌లో 0.8 శాతమే. ఇవ్వాళే మొత్తం స్విచ్ కొట్టెయ్" అంటున్నాడు. ఆ బ్యాంకు అబ్బాయి బదిలీ అయ్యాడు. కొత్తగా వచ్చిన మేనేజర్, "మీ ఫండు యూనిట్ 84 రూపాయలకు చేరింది, ఇంకేం పెరుగుతుంది? 10 రూపాయల యూనిట్‌తో కొత్త ఫండు వస్తోంది, అందులోకి మార్చుకోండి, ఫీజేమీ ఉండదు" అన్నారు. నేను ఇంతవరకూ ఫీజు కట్టినట్టే గుర్తులేదు. ముగ్గురూ మూడు మాటలు చెప్తున్నారు. ఎవరి మాట వినమంటారు?

జవాబు: టీచరుగారూ, ముందు బావగారి లెక్క చూద్దాం. ఆ లెక్క తేలకపోతే మిగతా రెండు మాటలూ మీ మనసుకి ఎక్కవు.

37.5ని ఐదుతో భాగిస్తే ఏడున్నర రావడం నిజమే. కానీ ఆ భాగహారం సరైనది కావాలంటే మీ 6 లక్షలూ 2021 జనవరిలోనే ఒక్కసారిగా ఫండులో పడి ఉండాలి. అలా జరగలేదు కదా. మొదటి పదివేలు ఐదేళ్లు పనిచేసింది. రెండోది నాలుగేళ్ల పదకొండు నెలలు. మొన్న డిసెంబరులో కట్టిన పదివేలు పనిలో చేరి ఒక్క నెలే అయింది. సగటున మీ రూపాయి పనిచేసింది రెండున్నరేళ్లు మాత్రమే. ఆ రెండున్నరేళ్లకు 37.5 శాతం వచ్చిందన్నమాట. వడ్డీ మీద వడ్డీ కూడా లెక్కలోకి తీసుకుంటే ఏడాదికి 12.7 శాతం దగ్గర తేలుతుంది. యాప్‌లో కనిపించే రెండో అంకె అదే. దాన్ని ఎక్స్ఐఆర్ఆర్ అంటారు. ఏ వాయిదా ఏ తేదీన కట్టారు, అది ఎన్ని రోజులు ఉంది అని ఒక్కోదాన్నీ విడిగా చూసి వేసే లెక్క అది. సిప్ కట్టేవాళ్లు చూడాల్సిన అంకె అదొక్కటే.

బావగారు దీనికి వెంటనే ఒప్పుకోకపోవచ్చు. ఆయన చెప్పిన ఆర్డీనే ఆయన ముందు పెట్టండి. 6.7 శాతం వడ్డీ ఉన్న పోస్టాఫీసు ఐదేళ్ల ఆర్డీలో నెలకు 10,000 కడితే చివర్లో చేతికొచ్చేది దాదాపు 7 లక్షల 13 వేల 660 రూపాయలు. కట్టిన 6 లక్షల మీద లాభం 18.9 శాతం. ఇప్పుడు ఆయన పద్ధతిలోనే ఐదుతో భాగించమనండి. 3.8 శాతం వస్తుంది. మరి పోస్టాఫీసు వాళ్లు 6.7 ఇస్తామని చెప్పి 3.8 చేతిలో పెట్టారా? లేదు, వాళ్లు సరిగ్గానే ఇచ్చారు, తేడా భాగహారంలో ఉంది. ఆర్డీకి 7 లక్షల 13 వేలు, మీ ఫండుకి 8 లక్షల 25 వేలు. పోల్చాల్సింది ఈ రెండింటినీ.

అయితే బావగారి మాటలో తీసిపారెయ్యకూడని సంగతి ఒకటుంది. ఆర్డీలో ఆ 6.7 శాతం ఖాయం. మీ 12.7కి అలాంటి హామీ ఏదీ లేదు. మీరు సిప్ మొదలుపెట్టింది 2021లో, అంటే 2020 మార్చి పతనం దాటిపోయాక. 2020 మార్చి 23న సెన్సెక్స్ ఒక్క రోజులో 3,900 పాయింట్లకు పైగా, 13 శాతం పడింది. ఆ రోజుల్లో ఐదేళ్లుగా సిప్ కడుతున్నవాళ్లు కూడా తెరిచి చూసుకుంటే నష్టంలో ఉన్నారు. అలాంటి రోజు మీరింకా చూడలేదు. ఒకరోజు చూస్తారు. అప్పుడు భయపడి అమ్మకుండా ఉండగలరా లేదా అన్నది ఈ 12.7 కన్నా పెద్ద ప్రశ్న. దీని సంగతికి మళ్లీ వస్తాను, ఎందుకంటే రెగ్యులరా డైరెక్టా అన్నది కూడా కొంతవరకు దీని మీదే ఆధారపడి ఉంటుంది.

ఇక ఫీజు. ఎప్పుడూ కట్టినట్టు గుర్తులేదని రాశారు. మీ ఖాతాలోంచి ఫీజు పేరుతో ఒక్క రూపాయి కూడా విడిగా పోలేదు కాబట్టి గుర్తుండే అవకాశమే లేదు. స్టేట్‌మెంటులో ప్రతి వాయిదా దగ్గర 10,000 బదులు 9,999.50 అని కనిపిస్తుంది చూడండి. ఆ యాభై పైసలు 2020 జూలై నుంచి వసూలు చేస్తున్న స్టాంపు డ్యూటీ. కంటికి కనిపించే కోత ఆ అర్ధ రూపాయి ఒక్కటే. అసలు కోత కనిపించని చోట జరుగుతుంది. ఫండు ఏడాది ఖర్చు 1.8 శాతం అంటే, దాన్ని 365 రోజులకు పంచి, ఏ రోజు వాటా ఆ రోజు ఫండు సొమ్ములోంచి తీసేసి, మిగిలినదాన్ని యూనిట్లతో భాగించి, ఆ రాత్రి ఎన్ఏవీ, అంటే ఒక్కో యూనిట్ ధర, ప్రకటిస్తారు. మీరు చూసే 84 రూపాయలు ఆ ఖర్చు పోయాక మిగిలిన ధర. మీ 8 లక్షల 25 వేల మీద 1.8 శాతం అంటే ఏడాదికి 14,850 రూపాయలు. రోజుకి నలభై రూపాయలు. బడి ఉన్నా లేకపోయినా, ఆదివారమైనా పండగైనా, మార్కెట్ పెరిగినా పడినా ఆ నలభై పోతూనే ఉంటుంది.

ఇక్కడ మీ మేనల్లుడికి కూడా ఒక మాట చెప్పాలి. కొంతమంది 12.7లోంచి మళ్లీ 1.8 తీసేసి, నీకు మిగిలింది 10.9 అని భయపెడతారు. అది తప్పు. ఎన్ఏవీ ఖర్చులు పోగా వచ్చిన ధర కాబట్టి, మీ 12.7 శాతం ఖర్చులన్నీ పోయాక మీ చేతికి మిగిలిన రాబడే.

ఈ ఖర్చులో ఫండును నడిపేవాళ్ల జీతాలు, ఆడిట్, ఖాతాల నిర్వహణ లాంటివన్నీ ఉంటాయి. వాటికి డబ్బు తీసుకోవడం న్యాయమే. ఎంతవరకు తీసుకోవచ్చో మార్కెట్లను నియంత్రించే సంస్థ సెబీ పరిమితి పెట్టింది. ఫండు పెద్దదయ్యేకొద్దీ ఆ పరిమితి తగ్గుతుంది. రెగ్యులర్ ప్లాన్‌లో వీటికి తోడు మీకు ఫండు అమ్మినవాళ్ల కమిషన్ ఉంటుంది. డైరెక్ట్ ప్లాన్‌లో ఆ కమిషన్ ఉండదు. ఫండు ఒకటే, మేనేజర్ ఒకరే, కొనే షేర్లూ అవే. మీ విషయంలో 1.8కీ 0.8కీ మధ్య ఉన్న ఒక్క శాతం దాదాపుగా ఆ కమిషనే.

ఒకప్పుడు ఈ కోత ముఖం మీదే జరిగేది. 2007లో నేనూ ఒక బ్యాంకు ఉద్యోగి మాట మీద లక్ష రూపాయలు ఫండులో పెట్టాను. ఎంట్రీ లోడ్ అని 2.25 శాతం మొదటి రోజే పోయింది. ఆయన ముందు చెప్పలేదు, నాకు అడగాలని తెలియలేదు. స్టేట్‌మెంటులో యూనిట్లు తక్కువగా కనిపించాక, వాటిని పట్టుకుని రెండు రోజులు కాగితం మీద లెక్కలు వేశాను. ఆ ఎంట్రీ లోడ్‌ని సెబీ 2009 ఆగస్టు 1 నుంచి ఎత్తేసింది. డైరెక్ట్ ప్లాన్లు 2013 జనవరి 1 నుంచి వచ్చాయి. అమ్మినవాళ్లకు ముందుగానే పెద్ద మొత్తం ఇచ్చే పద్ధతిని 2018 అక్టోబరులో ఆపేశారు. ఇప్పుడున్నది ట్రెయిల్ కమిషన్, అంటే మీరు ఫండులో ఉన్నంతకాలం ఏటా అందేది. కొబ్బరిచెట్టు నాటినవాడికి కాపు ఉన్నన్నాళ్లూ కాయలో వాటా ఇచ్చినట్టు. నాటిన మనిషి వచ్చి నీళ్లు పోస్తుంటే, తెగులు చూస్తుంటే ఆ వాటా ఇవ్వడంలో తప్పులేదు. మీ దగ్గర నాటిన అబ్బాయి బదిలీ అయిపోయాడు. వాటా మాత్రం బ్యాంకుకు వెళ్తూనే ఉంది.

ఒక్క శాతమే కదా అనిపిస్తుంది. మీకు 62 ఏళ్లకు రిటైర్మెంట్ అనుకుంటే ఇంకా 15 ఏళ్లు ఉంది. ఇకమీద ఒక్క వాయిదా కూడా కట్టకుండా ఈ 8 లక్షల 25 వేలను అలాగే వదిలేశారనుకుందాం. ఏటా 11 శాతం పెరిగితే 15 ఏళ్లకు 39 లక్షల 47 వేలు అవుతుంది. 12 శాతం పెరిగితే 45 లక్షల 16 వేలు. 11, 12 అన్నవి లెక్క కోసం వేసుకున్న అంకెలే, అంత వస్తుందని నేను చెప్పడం లేదు. కానీ తేడా ఎంతుందో చూడండి. ఐదు లక్షల 69 వేలు. మీరు ఇన్నేళ్లలో కట్టిన 6 లక్షలకు దాదాపు సమానం.

అంచేత మీ మేనల్లుడు వెళ్లమన్న దారి సరైనదే. "ఇవ్వాళే మొత్తం" అన్నదే నాకు నచ్చలేదు.

స్విచ్ అనే మాట లైటు వేసినంత తేలిగ్గా వినిపిస్తుంది. ఒక బీరువాలోని నగలు తీసి ఇంకో బీరువాలో పెట్టినట్టు అనుకుంటాం. జరిగేది వేరు. పాత నగ అమ్మేసి, ఆ డబ్బుతో కొత్త నగ చేయించుకోవడం అది. తరుగు, మజూరీ పోవా మరి? అదే ఫండు కంపెనీలో, అదే ఫండులో, రెగ్యులర్ నుంచి డైరెక్టుకు మారినా ఆదాయపు పన్ను లెక్కలో అది పాత యూనిట్ల అమ్మకం, కొత్త యూనిట్ల కొనుగోలు. డబ్బు మీ బ్యాంకు ఖాతా గుమ్మం తొక్కకపోయినా సరే, లాభం మీద పన్ను పడుతుంది. దీనికి మినహాయింపు ఒకటుంది. ఫండు కంపెనీయే రెండు పథకాలను ఒకటిగా కలిపేస్తే దాన్ని అమ్మకంగా చూడరు. మీరు చేసే స్విచ్‌కి ఆ వెసులుబాటు లేదు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఇంకోటి. ఫండు మొదలుపెట్టి ఐదేళ్లయింది కాబట్టి అన్నీ పాత యూనిట్లే అనుకుంటారు. సిప్‌లో ప్రతి వాయిదాకూ దాని పుట్టినరోజు దానిదే. డిసెంబరు 2025 వాయిదా ఇంకా పసిగుడ్డు. అమ్మినప్పుడు ముందు కొన్న యూనిట్లు ముందు వెళ్లిపోతాయి. ఈక్విటీ ఫండులో కొన్న యూనిట్లు 12 నెలలు దాటాక అమ్మితే దీర్ఘకాలిక లాభం. ఒక ఆర్థిక సంవత్సరంలో అలాంటి లాభం లక్షా 25 వేల వరకు పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. 12 నెలల లోపు అమ్మితే మొదటి రూపాయి లాభం నుంచే 20 శాతం. 2024 జూలై 23 నుంచి ఈ రేట్లు నడుస్తున్నాయి. ఇది కాక, ఈక్విటీ ఫండ్లలో ఎక్కువ వాటికి ఏడాది లోపు తీస్తే ఒక శాతం ఎగ్జిట్ లోడ్ ఉంటుంది. అది లాభం మీద పడేది కాదు, తీసిన మొత్తం మీద పడేది. ఆ లోడ్ మీకు ఫండు అమ్మిన బ్యాంకు జేబులోకి పోదు, ఫండులోనే మిగిలినవాళ్ల ఖాతాకు చేరుతుంది. మీ ఫండుకి అది ఎంతో, ఎన్నాళ్లో ఫండు కంపెనీ ఇచ్చే వివరాల పత్రం, ఫ్యాక్ట్‌షీట్‌లో రాసి ఉంటుంది. రెగ్యులర్ నుంచి డైరెక్టుకు వెళ్లేటప్పుడు వర్తిస్తుందో లేదో కూడా అక్కడే చూడండి.

మీ లెక్క సుమారుగా వేశాను. పెరుగుదల ఐదేళ్లూ ఒకే తీరుగా ఉందనుకుని వేసినది కాబట్టి అసలు అంకెలు కొంచెం అటూ ఇటూ ఉంటాయి. మొదటి 48 వాయిదాల్లో లాభం దాదాపు 2 లక్షల 17 వేలు. చివరి 12 వాయిదాల్లో దాదాపు 8 వేలు. మేనల్లుడు చెప్పినట్టు ఇవ్వాళే మొత్తం మార్చేస్తే, లక్షా 25 వేలు పోగా మిగిలిన 92 వేల మీద 12.5 శాతం, చివరి పన్నెండు వాయిదాల లాభం మీద 20 శాతం, దాని మీద సెస్సు, పైన ఒక శాతం ఎగ్జిట్ లోడ్ కలిసి 14,600 దగ్గర అవుతుంది. డైరెక్టుకు మారడం వల్ల ఏడాదికి మిగిలేది 8,250. అంటే ఏడాదిన్నరకు పైగా ఆదా మొత్తం ఒక్క రోజు తొందరకే పోతుంది.

అదే పనిని పైసా పన్ను లేకుండా చేసే దారి ఉంది. మొదట సిప్. పాత యూనిట్లను ముట్టుకోకుండా రెగ్యులర్‌లో పడే సిప్ ఒక్కటే ఆపేసి, అదే ఫండు డైరెక్ట్ ప్లాన్‌లో కొత్త సిప్ మొదలుపెట్టండి. ఇందులో పన్నుగానీ ఎగ్జిట్ లోడ్‌గానీ లేవు. సిప్ ఆపడం వేరు, డబ్బు తీయడం వేరు. ఫారంలో గానీ యాప్‌లో గానీ ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి, జాగ్రత్తగా చూసి నొక్కండి. తర్వాత పాత యూనిట్లు. మార్చిలోగా మొదటి 17, 18 వాయిదాల యూనిట్లను మాత్రం డైరెక్టుకు స్విచ్ చెయ్యండి. వాటి విలువ మూడు లక్షల చిల్లర, అందులో లాభం లక్షా 25 వేలకు కొంచెం తక్కువ ఉండాలి. ఏప్రిల్ 1 దాటగానే కొత్త ఆర్థిక సంవత్సరం, కొత్త లక్షా 25 వేలు. అప్పుడు 2025 మార్చి వరకు కట్టిన మిగతా వాయిదాలను మార్చండి. వాటి లాభం నా లెక్కలో లక్షా 12 వేలు దాటడం లేదు. మిగిలిన తొమ్మిది వాయిదాలు 2027 ఏప్రిల్ దాకా ఉన్నచోటే ఉండనివ్వండి. ఏప్రిల్ దాకా ఆగినందుకు రెగ్యులర్‌లో మిగిలిన ఐదున్నర లక్షల లోపు సొమ్ము మీద మూడు నెలల్లో అదనంగా పోయే కమిషన్ 1,300 చిల్లర. 14,600తో పోలిస్తే ఆ ఆలస్యానికి బాధపడక్కర్లేదు.

దీనివల్ల ఇంకో మేలు కూడా ఉంది. మారిన యూనిట్లకు కొనుగోలు ధర ఆ రోజు ధరే అవుతుంది కాబట్టి, రిటైరయ్యాక తీసుకునేటప్పుడు లెక్కలోకొచ్చే లాభం ఆ మేరకు తగ్గిపోతుంది. పన్ను పడకపోయినా రిటర్నులో ఈ లాభం చూపించడం మర్చిపోవద్దు. దీర్ఘకాలిక లాభం లక్షా 25 వేల లోపే ఉంటే మీరు ఏటా వేసే ఐటీఆర్-1లోనే చూపించొచ్చు. అది దాటినా, 12 నెలల లోపు యూనిట్ ఒక్కటి అమ్మినా ఐటీఆర్-2కి వెళ్లాలి. స్టాఫ్‌రూమ్‌లో అందరికీ ఒకే మనిషి రిటర్నులు వేస్తుంటే, ఈ మాట ఆయనకు ముందే చెప్పండి. మార్చి చివరి రోజు దాకా ఆగకుండా నెల మధ్యలోనే పని ముగించండి.

ఇప్పుడు బ్యాంకు మేనేజర్ చెప్పిన పది రూపాయల ఫండు. ఆయన్ని నేను తప్పుపట్టడం లేదు, ఆయన టార్గెట్లు ఆయనకుంటాయి. కానీ "84కి చేరింది, ఇంకేం పెరుగుతుంది" అన్న మాట చదివాక నాకు నిజంగా బాధ కలిగింది. చదువు చెప్పే మనిషికే ఇలా చెప్పారంటే, చదువురాని ముసలివాళ్లకు ఏం చెప్తున్నారో అనిపించింది.

ఎకరం పొలాన్ని ఒక్క ఎకరం అన్నా, వంద సెంట్లు అన్నా పండే ధాన్యం ఒకటే. సెంటు ధర తక్కువ కదా అని ఎవరూ పొలం కొనరు. యూనిట్ కూడా అలాంటి కొలతే. లక్ష రూపాయలకు 10 రూపాయల చొప్పున పదివేల యూనిట్లు వస్తాయి, 84 చొప్పున 1,190 వస్తాయి. లోపలున్న షేర్లు పది శాతం పెరిగితే అక్కడా లక్షా పదివేలు, ఇక్కడా లక్షా పదివేలు. ఈ పది రూపాయల మీద మనవాళ్లకు ఎందుకింత మక్కువో ఆలోచిస్తే, దాని మూలం పాత రోజుల్లో ఉందనిపిస్తుంది. 1964లో యూనిట్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా మొదలుపెట్టిన యూఎస్-64 పథకంలో యూనిట్ ముఖవిలువ 10 రూపాయలు. చాలా ఇళ్లలో యూనిట్లంటే అవే. దాని ధరను సంస్థే ప్రకటించేది, వెనకున్న షేర్ల విలువతో ఆ ధరకు రోజువారీ ముడి ఉండేది కాదు. 2001 జూలైలో అందులో అమ్మకాలు, తిరిగి కొనడాలు ఆపేసినప్పుడు లక్షల కుటుంబాలకు ఆ సంగతి తెలిసొచ్చింది. ఇప్పుడు ప్రతి ఫండు ఎన్ఏవీ రోజూ లోపలి విలువను బట్టే వస్తుంది. 84 అంటే ఖరీదు ఎక్కువని కాదు. ఆ ఫండు 10 దగ్గర మొదలై, ఖర్చులన్నీ పోను అంతదాకా వచ్చిందని అర్థం. కొత్త ఫండుకు చూసుకోవడానికి ఆ గతమే లేదు.

ఫీజేమీ ఉండదన్న మాటను కూడా విడదీసి చూడండి. అందులోకి మారడం కూడా పైన చెప్పిన అమ్మకమే. పన్ను పడుతుంది. ఏడాది నిండని యూనిట్ల మీద ఎగ్జిట్ లోడ్ పడుతుంది. కొత్త ఫండులో మీ 12 నెలల గడియారం మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఏడాది ఖర్చు అక్కడా ఉంటుంది. ఇలా పాత ఫండ్ల నుంచి కొత్తవాటికి జనాన్ని లాగడం ఎక్కువైందనే, 2025లో సెబీ ఒక నిబంధన తెచ్చింది. అదే కంపెనీ పాత పథకంలోంచి కొత్త ఫండుకు మార్పిస్తే, అమ్మినవాళ్లకు ఆ రెండింటిలో తక్కువగా ఉన్న కమిషనే ఇవ్వాలని. మీరు మేనేజర్‌ని ఒక్క ప్రశ్న అడగండి: "దీనివల్ల నాకు పడే పన్ను, లోడ్, కొత్త ఫండు ఏడాది ఖర్చు కాగితం మీద రాసిస్తారా?" రాసిచ్చాక మాట్లాడొచ్చు.

అసలు ఫండు మార్చనే కూడదా అంటే, మార్చాల్సిన సందర్భాలు ఉన్నాయి. మూడు నాలుగేళ్లపాటు వరసగా, తనను పోల్చి చూసే మార్కెట్ సూచీ కంటే వెనకబడితే మార్చొచ్చు. పోల్చేటప్పుడు డివిడెండ్లు కూడా కలిపి లెక్కేసిన టోటల్ రిటర్న్ సూచీతో పోల్చాలి, ఫ్యాక్ట్‌షీట్‌లో అదే ఉంటుంది. లేదా డబ్బు అవసరం దగ్గరపడినప్పుడు మార్చాలి. మీకు 58, 59 వచ్చేసరికి ఈక్విటీలోంచి కొంచెం కొంచెంగా తీసి స్థిరంగా ఉండేచోట పెట్టడం మొదలుపెట్టాలి, అదీ ఇప్పుడు చెప్పినట్టే ఏడాదికి లక్షా 25 వేల లాభం చొప్పున. కిందటేడు పక్కింటివాళ్ల ఫండు ఎక్కువ ఇచ్చిందని మారడం మాత్రం పైన చెప్పిన తరుగూ మజూరీకే సరిపోతుంది.

ముందు వదిలేసిన మాట ఇప్పుడు చెప్తాను. డైరెక్టుకు వెళ్తే మార్కెట్ పడినప్పుడు ఫోన్ చేసి "అమ్మొద్దండీ" అనేవాళ్లు ఉండరు. ఆ ఒక్క మాటకు ఏడాదికి 8 వేలు ఇచ్చినా తక్కువే అనిపించే రోజులు వస్తాయి. 2020 మార్చిలో మంచి డిస్ట్రిబ్యూటర్, అంటే ఫండు అమ్మిపెట్టే మనిషి, ఉన్నవాళ్లు కొందరు అలాగే నిలబడ్డారు, నేను దగ్గర్నుంచి చూశాను. మీకు అలాంటి మనిషి ఉంటే రెగ్యులర్ వదలమని నేను చెప్పను. మీరు రాసినదాన్ని బట్టి మీకు అలాంటి మనిషి లేరు, పైగా ఉన్నవాళ్లు కదలకుండా ఉన్న డబ్బును కదిలించమంటున్నారు. మీ మేనల్లుడు ఏడాదికి రెండుసార్లు మీ పక్కన కూర్చుని చూసిపెడతానంటే మీకు అది చాలు.

ఈ వారం చేయాల్సిన పని ఒకటే. ఫండ్ల ఖాతాల రికార్డులు చూసే క్యామ్స్ లేదా హైదరాబాద్‌లో ఉన్న కేఫిన్‌టెక్ వెబ్‌సైట్‌లో మీ పాన్, ఫండుకు ఇచ్చిన ఈమెయిల్ కొట్టి, ఏ వాయిదాకు ఏ ధరలో ఎన్ని యూనిట్లు వచ్చాయో చూపే పూర్తి స్టేట్‌మెంట్ తెప్పించుకోండి. ఆ యూనిట్లను ఇవ్వాళ్టి ఎన్ఏవీతో గుణిస్తే ఏ వాయిదాలో ఎంత లాభం ఉందో అణాపైసలతో సహా తేలుతుంది, నా సుమారు లెక్కలు దాంతో సరిచూసుకోండి. ఆరు నెలలకోసారి మీ ఈమెయిల్‌కి వచ్చే కన్సాలిడేటెడ్ స్టేట్‌మెంట్ కూడా వెతికి తీయండి. మీ ఫండు మీద డిస్ట్రిబ్యూటర్‌కి ఎంత కమిషన్ వెళ్లిందో అందులో రూపాయల్లో రాసి ఉంటుంది. ఆ అంకె పక్కన, ఆ ఆరు నెలల్లో బ్యాంకు మీకోసం చేసిన పనులు రాసుకోండి. అది చూశాకే సిప్ ఆపే ఫారం నింపండి.